పన్నెండింటి కూత

తెల్లచొక్కాకి ముందు కాలరు రుద్దాలి. తర్వాత భుజాల పట్టీ, మణికట్టు పట్టీలు, చేతులు, ఆఖర్న ముందుభాగం. వరస తప్పితే ఒకచోట సాపు చేసిన గుడ్డ ఇంకోచోట నలుగుతుంది. పెద్దింజనీరు గారి చొక్కా అయితే ఆమె ఇంకాస్త జాగ్రత్త పడుతుంది. తడివేలు ఇస్త్రీపెట్టె అడుగుకి తాకించి ఆ 'చుయ్' వింటుంది. వేడి ఎక్కువనిపిస్తే కాసేపు ఆగుతుంది. ఆగిన ఆ కాసేపట్లో మెట్ల అవతల కట్టిన ఉయ్యాల వైపు చూస్తుంది. నిప్పురవ్వ అంత దూరం ఎగరదని తెలుసు. అయినా చూస్తుంది. బిడ్డ పొట్ట పైకీ కిందకీ కదలడం కనపడ్డాకే మళ్ళీ పెట్టె పిడి పట్టుకుంటుంది.

ఆనకట్ట ఉద్యోగుల క్వార్టర్సులో మొదటి బ్లాకు మెట్ల కింద ఉంది ఆమె బల్ల. పైన ఎవరు దిగినా ఎవరు ఎక్కినా ముందు చెప్పులు కనపడతాయి, తర్వాత మనిషి. ఇప్పుడు దిగినవి వాచ్‌మన్ తాత చెప్పులు.

"అయిందా అమ్మాయ్? అయ్యగారు అప్పుడే రెండుసార్లు అడిగారు. టీవీ వాళ్ళొచ్చి హాల్లో కూర్చున్నారు. పట్టపగలు లైట్లు కూడా తెచ్చుకున్నారు!"

"ఎందుకంట తాతా?"

"నాకెవరు చెబుతారు? గేటు తియ్యి అంటారు, గేటు వెయ్యి అంటారు. నాకూ ఆఫీసర్లకీ ఉన్న సంభాషణ అంతే."

ఆమె నవ్వింది గానీ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. చొక్కా హేంగరుకి వేసి, పై గుండీ పెట్టి, కాలరు వేళ్ళతో ఒకసారి నిమిరింది. ఇవాళ చెప్పేస్తారేమో. ఈ చొక్కా వేసుకుని, ఆ లైట్ల ముందు కూర్చుని, "సైరన్ ఆపమన్నది నేనే, ఆ సైరన్ మనిషి తప్పేం లేదు" అని చెప్పేస్తారేమో. చెబితే ఆమె మొగుడు ఇంటికి వస్తాడు.

వరద వచ్చిన మర్నాడే అతన్ని సస్పెండ్ చేశారు. సస్పెండయిన వాడు విచారణ అయ్యేదాకా హెడ్డాఫీసు ఉన్న ఊళ్ళోనే ఉండాలట. పొద్దునా సాయంత్రం అక్కడ సంతకం పెట్టాలట. బస్సులో పూట ప్రయాణం. మధ్యలో వచ్చిపోవడానికి లేదు. అతను ఆ ఊళ్ళో ఎవరి అరుగు మీద పడుకుంటున్నాడో, ఏం తింటున్నాడో అడిగితే "బానే ఉంది" అంటాడు. ఆమెకి తెలుసు, బాగున్నప్పుడు అతను అంత పొట్టిగా మాట్లాడడు.

చొక్కా పైకి వెళ్ళిపోయింది. ఆమె దుప్పట్లు ముందేసుకుంది.

ఎండ మెట్ల కింది దాకా వచ్చేసరికి ఆమె చెయ్యి దానంతటదే నెమ్మదించింది. పన్నెండవుతోంది. ఇదివరకైతే ఈ సమయానికి ఆనకట్ట పక్క మట్టిదిబ్బ మీద ఆమె మొగుడు చేతిసైరన్ తిప్పేవాడు. గేట్లు ఎత్తే ముందు కింది పల్లెల్ని లేపడానికి పెట్టిన సైరన్ అది. నది తేమకి ఇనుము పట్టేయకుండా రోజూ మధ్యాహ్నం ఒకసారి తిప్పాలి. మొదట ఎవరో ఆవులించినట్టు మొదలయ్యేది. మెల్లిగా పైకి లేచి, కొండకి తగిలి, అక్కడే కాసేపు నిలబడి, మళ్ళీ జారి పడుకునేది. జారే ముందు అతను హ్యాండిల్ ఇంకో చుట్టు లాగేవాడు. "రూల్లో లేదు అది. నీ కోసం" అన్నాడు పెళ్ళయిన కొత్తలో. అందరూ ఆ కూతకి గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. ఆమె ఆ చివరి చుట్టు విని, అతను బాగానే ఉన్నాడనుకుని, బిడ్డని ఒళ్ళోకి తీసుకునేది.

ఇప్పుడు సైరన్‌కి గుడ్డ చుట్టి లక్కముద్ర వేశారు. పన్నెండు ఊరికే వచ్చి ఊరికే పోతోంది. బిడ్డకి మాత్రం ఇంకా ఆ వేళకే మెలకువ వస్తుంది. లేచి ఏడవదు. దేన్నో పోగొట్టుకున్నట్టు కళ్ళు అటూ ఇటూ తిప్పుతుంది. "వస్తాడే నాన్న, వస్తాడు" అంది ఆమె. తను అన్నది బిడ్డతోనో కాదో ఆమెకే తెలియలేదు.

తాత ఈసారి చెప్పులు టపటపలాడించుకుంటూ దిగాడు.

"రాజీనామా చేసేశారమ్మాయ్! పెద్దింజనీరు గారు! నైతిక బాధ్యత వహించి ఉద్యోగం వదిలేశారు! ఆ లైట్ల వాళ్ళు కూడా లేచి దణ్ణం పెట్టారంటే చూడు!"

"నైతిక బాధ్యతంటే?"

తాత గడ్డం గోక్కున్నాడు. ఆయన వేళాకోళం ఆడట్లేదు, నిజంగానే ఆలోచించాడు. "అంటే... తప్పు ఆయనది కాదు. గొప్పతనం ఆయనది."

"మా ఆయన గురించి ఏమన్నా అన్నారా?"

"అన్నారు, అన్నారు. క్షేత్రస్థాయిలో జరిగిన నిర్లక్ష్యానికి కూడా నాదే బాధ్యత అన్నారు."

"క్షేత్రస్థాయంటే?"

తాత దుప్పటి అంచు సర్దడం మొదలుపెట్టాడు. "అంటే... కింద."

"కింద అంటే మా ఆయనే కదా తాతా."

తాత దుప్పటి రెండో అంచు కూడా సర్దాడు. కమిలిన వాసన వచ్చి ఆమె పెట్టె ఎత్తేసరికి దుప్పటి మీద దాని మూతి ముద్ర గోధుమరంగులో పడి ఉంది. ఇన్నాళ్ళ పనిలో గుడ్డ కాల్చడం ఇదే మొదలు.

సాయంత్రం ఫోన్ చేశాడు అతను.

"విన్నావా? పెద్దసారు రాజీనామా చేశారు" అంది.

"విన్నా. మంచాయన."

"మంచాయనేంటి? నువ్వు చెప్పాల్సిందంతా చెప్పావా వాళ్ళకి? ఆపమని సారు అన్నట్టు చెప్పావా?"

"అడిగినవాటికి చెప్పాను."

"అదే, ఏం అడిగారు, ఏం చెప్పావు?"

"ఇదిగో, బుజ్జిది ఏం చేస్తోంది? ఫోన్ దాని చెవి దగ్గర పెట్టు."

మాట దాటేస్తున్నాడని తెలిసీ పెట్టింది. ఫోన్లోంచి సన్నగా, గొంతు లోపల్నించి, "ఊఁ..." అని మొదలయ్యింది. మెల్లిగా లేచింది, నిలబడింది, జారబోతూ ఇంకో చుట్టు తిరిగింది. బిడ్డ కాళ్ళాడించడం మాని నోరు తెరుచుకుని వింది. ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. అత్త అవతల కూరగాయలు తరుగుతోంది. కోడలి కళ్ళు ఆవిడ చూడకూడదు.

"విచారణ ఎల్లుండితో అయిపోతుందంటున్నారు. నువ్వేం దిగులు పెట్టుకోకు" అని ఫోన్ పెట్టేశాడు.

*

మర్నాడు క్వార్టర్సు ముందు కార్లు నిలబెట్టడానికి చోటు లేకపోయింది. వచ్చినవాళ్ళంతా పూలగుత్తులు తెచ్చారు. మెట్లెక్కుతూ, దిగుతూ, ఇస్త్రీ బల్ల ముందు ఆగి మాట్లాడుకున్నారు. "ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ ఇలా?" "కుర్చీ అంటే ప్రాణం పెట్టేవాళ్ళే గానీ!" "నేనైతే చెయ్యనండీ, నిజం చెబుతున్నా" అని ఒకాయన పగలబడి నవ్వాడు. ఆమె తల వంచుకుని ప్యాంట్ల మడతలు తీరుస్తూనే ఉంది. ఆ పొగడ్తల్లో ఒక్కో మాటా కాలిన పెట్టె అడుగు మీద నీళ్ళు చిలకరించినట్టు ఆమె మీద పడి చుయ్‌మంటోంది. ఎందుకు కోపం వస్తోందో తనకే సరిగ్గా అంతుపట్టలేదు. ఆయన చెడ్డవాడు కాదు. బిడ్డ పుట్టినప్పుడు హాస్పిటల్‌కి తన కారు పంపించినవాడు.

గేటు దగ్గర గొడవ వినిపించింది. చేపలావిడ. ఎప్పుడూ నెత్తి మీద గంపతో, "ఏం తల్లీ, మీ సైరన్ ఇవాళ గొంతు బాగా ఎత్తాడే" అని పలకరిస్తూ పోయే మనిషి. ఇవాళ నెత్తి మీద గంప లేదు. గంప లేకపోతే ఆవిడ పొట్టిగా కనపడింది. వరదలో పోయిన ముగ్గురిలో ఒకతె ఆవిడ కూతురు. తెల్లవారుజామున వలల పక్కన పడుకున్న పిల్ల పడుకున్నట్టే పోయింది.

"నన్ను లోపలికి పంపు తాతా, కొట్టడానికి రాలేదు. ఒక మాట అడిగి పోతా."

"ఇప్పుడు కాదమ్మా, పెద్దపెద్దవాళ్ళున్నారు..."

పెద్దింజనీరు గారే బయటికి వచ్చారు. నిన్నటి తెల్లచొక్కానే. కాలరు ఇంకా నిలబడే ఉంది. పై వరండాలోంచి ఆవిడకి రెండు చేతులూ జోడించారు.

"అమ్మా, మీకు జరిగింది ఎవరూ తీర్చలేరు. బాధ్యత నాదే. అందుకే రాజీనామా చేశాను."

చేపలావిడ అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు నుదురు చిట్లించింది. "అంటే, రేపట్నించి ఆఫీసుకి రారా మీరు?"

"రానమ్మా."

"ఇక్కడ కూడా ఉండరా?"

"ఖాళీ చేస్తున్నాను."

"మరి నేనెవరి దగ్గరికి రావాలి?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. దారి అడిగినట్టే అడిగింది. "ఆ రోజు కూత ఎందుకు రాలేదని నేనెవర్ని అడగాలి? మీరేమో మాట్లాడేలోపే వెళ్ళిపోతున్నారు. ఆ సైరన్ అబ్బాయిని ఎక్కడికో పంపేశారు. ఆ కుర్చీలో రేపొచ్చే ఆయన, నేనప్పుడు లేనుగా అంటాడు."

పూలగుత్తులవాళ్ళలో ఒకాయన ముందుకొచ్చి, "అమ్మా, ఆయన తనకి తానే శిక్ష వేసుకున్నారు, ఇంకేం కావాలి మీకు?" అన్నాడు.

"శిక్షెవరు అడిగారు బాబూ?" అంది చేపలావిడ. వెనక్కి తిరిగి గేటు దాటింది. పోతూ పోతూ ఇస్త్రీ బల్ల వైపు చూసింది. అలవాటుగా ఏదో అనబోయి, అనకుండా వెళ్ళిపోయింది.

ఆవిడ అడిగినదానికి జవాబు తెలిసినవాళ్ళు ఆ ఆవరణలో ఇద్దరున్నారు. ఒకరు పైన చేతులు జోడించుకుని ఉన్నారు. ఒకతె మెట్ల కింద ఇస్త్రీపెట్టె పట్టుకుని ఉంది.

*

సారు ఇస్త్రీకి బట్టలిస్తారట అని తాత ఆమెని సాయంత్రం పైకి పంపాడు. ఇల్లు సగం ఖాళీ అయింది. అట్టపెట్టెలకి తాళ్ళు కట్టి వరసగా పెట్టారు. హాల్లో పూలగుత్తులు కుప్పగా పడి ఉన్నాయి, ఒక్కదానికీ కట్టిన రిబ్బను విప్పలేదు. పడగ్గదిలో పైకప్పుకి ఉన్న కొక్కెం ఉత్తగా వేలాడుతోంది. పెద్దింజనీరు గారి అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు ఆ కొక్కానికే ఉయ్యాల వేశారు. ఆ అమ్మాయి బాబుని తీసుకుని వరదకి ముందే అత్తవారింటికి వెళ్ళిపోయింది.

ఆ గుమ్మంలోనే నిలబడింది ఆమె అప్పుడు కూడా. చేతిలో బాబు మడతగుడ్డలు. పన్నెండింటి కూత లేచింది. పాలు తాగుతున్న పసివాడు ఉలిక్కిపడి, గుక్క తిప్పుకోలేక, ముఖం నల్లబడిపోయాడు. తల్లి వాణ్ణి భుజాన వేసుకుని ఏడ్చినంత పని చేసింది. "రోజూ ఇదే నాన్నా! వీడు పాలు వదిలేసేలా ఉన్నాడు. కొన్నాళ్ళు ఆపించలేవా?" పెద్దింజనీరు గారు చేతి గుండీ పెట్టుకుంటూ ఆమె వైపు తిరిగారు. "మీ ఆయనకి చెప్పమ్మా. బాబు కాస్త ఎదిగేదాకా మధ్యాహ్నం కూత వద్దని. నేను చెప్పానని చెప్పు." అంతే. కాగితం లేదు, ఫోను లేదు. చేతి గుండీ పెట్టుకునేంతసేపు.

ఆ మాటని ఆమె సంతోషంగానే మోసుకెళ్ళింది. తనకీ పసిబిడ్డే కదా. మొగుడు మాత్రం గొణిగాడు, "రోజూ తిప్పకపోతే పట్టేస్తుందే అది" అని. "కొన్నాళ్ళేగా, సారే చెప్పారుగా" అంది. బాబు వెళ్ళిపోయాక మళ్ళీ మొదలెట్టమని ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా మొదలెట్టడానికి అతను జంకాడు. వాన మాత్రం ఎవర్నీ అడక్కుండా కురిసింది. ఆ తెల్లవారుజామున గేట్లు ఎత్తమన్నారు. అతను దిబ్బెక్కి హ్యాండిల్ పట్టుకుంటే కదల్లేదు. నూనె పోశాడు. రాయితో కొట్టాడు. అరచేతుల తోలు ఊడేదాకా లాగాడు. చివరికి సైకిలెక్కి అరుచుకుంటూ గట్టు వెంట పల్లెల వైపు పోయాడు. నీళ్ళు సైకిల్ కంటే ముందు వెళ్ళాయి.

"రా అమ్మా, కూర్చో." పెద్దింజనీరు గారు బనీనుతో ఉన్నారు. తాడు ముడి పడక అవస్థపడుతున్నారు. ఆమె కూర్చోలేదు.

"సార్, రేపు విచారణ ఆఖరంట."

"అవును."

"మీరొచ్చి ఒక్క మాట చెబితే..."

"నన్ను పిలవలేదమ్మా. రాజీనామా ఆమోదించారు. ఇక నన్ను పిలవరు."

"పిలవకపోతే రాకూడదా సార్?"

ఆయన తాడు వదిలేశారు. కళ్ళద్దాలు తీసి బనీను అంచుతో తుడిచారు. తుడిచిన కొద్దీ అవి ఇంకా మసకబారుతున్నాయి.

"మీ ఆయన నీకేం చెప్పలేదా?" అన్నారు.

"ఏం చెప్పాలి?"

"నేను చెబుదామనే అనుకున్నాను. నమ్ము నమ్మకపో. నీళ్ళు తీసిన రోజే అనుకున్నాను. అంతలో అతను వచ్చాడు. చేతులకి కట్లు. నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. 'బద్ధకించి తిప్పలేదు, తప్పు నాదే అని రాసిచ్చేశాను సార్, మీరింకోలా చెప్పకండి' అన్నాడు."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపు రెక్క పట్టుకుంది.

"ఎందుకు?"

"నీ కోసం. 'మీరు చెప్పారంటే, ఎవరితో చెప్పి పంపారని అడుగుతారు సార్. మా ఇంటిదాన్ని పిలుస్తారు. ముగ్గుర్ని చంపిన మాట మోసింది ఇదేనని అందరూ దాని ముఖమ్మీదే అంటారు. అసలే బిడ్డ దగ్గితే నిద్రపోని మనిషి. అది తట్టుకోలేదు సార్' అన్నాడు." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "నేనేమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. సరేనని కూడా అనలేదు. నాకు... తేలిగ్గా అనిపించింది. నా కూతురి పేరు రాదు, మనవడి పేరు రాదు. అంత తేలిగ్గా అనిపించినందుకు సిగ్గేసి, చివరికి రాజీనామా రాశాను."

వీధిలో ఎవరిదో కారు హారన్ కొట్టి ఆగింది. ఇంకో పూలగుత్తి కాబోలు.

ఇన్నాళ్ళూ ఆమె పైకి చూసే ఎదురుచూసింది. పైనుంచి ఒక మాట దిగివస్తే మొగుడు ఇంటికొస్తాడనుకుంది. ఫోన్లో ఆ పొట్టి జవాబులు, "మంచాయన", "అడిగినవాటికి చెప్పాను". అన్నీ ఇప్పుడొక్కొక్కటే వెనక్కి తిరిగి తన వైపు చూస్తున్నాయి. అతను అక్కడెక్కడో అరుగు మీద పడుకుని ఆమెని కప్పేశాడు, తనకి దుప్పటి చాలకపోయినా. అతన్ని చూడాలనిపించింది. కోప్పడాలనిపించింది. ఆ అరచేతులు మానాయో లేదో పట్టుకుని చూడాలనిపించింది.

"మీరు కుర్చీ వదిలేశారు సార్" అంది చివరికి. "ఆ మాట మాత్రం నోట్లోంచి వదల్లేదు."

ఆయన, అలవాటు కొద్దీనేమో, కుర్చీ మీదున్న బట్టల మూట చూపించి, "ప్రయాణానికి" అన్నారు. ఆమె కూడా అలవాటు కొద్దీ ఎత్తుకుంది.

*

తెల్లవారి ఆమె పొయ్యిలోంచి బొగ్గులు పెట్టెలోకి తీసింది. మొగుడి నీలం చొక్కా తీసింది. ఇన్నేళ్ళలో అతని చొక్కా ఎప్పుడూ ఆఖర్నే, బొగ్గులు చల్లారేముందు. ఇవాళ ముందు. కాలరు, భుజాల పట్టీ, మణికట్టు పట్టీలు, చేతులు. తర్వాత తన చీర. పెద్దింజనీరు గారి మూట విప్పలేదు.

"పిల్లనేసుకుని ఎక్కడికే?" అంది అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"హెడ్డాఫీసుకి."

"నీకేమన్నా మతిపోయిందా? కచేరీల మెట్లెక్కడం మనకెందుకు? వాడు నోరు మూసుకున్నాడంటే ఏదో కారణం ఉండే ఉంటుంది."

"ఉంది అత్తా. ఆ కారణం నేనే."

అత్త కోడలి ముఖంలోకి చూసింది. ఏం కనపడిందో ఏమో, గుమ్మంలోంచి తప్పుకుంది. తప్పుకుని లోపలికెళ్ళి బిడ్డకి ఇంకో జత గుడ్డలు తెచ్చి సంచిలో కుక్కింది. "బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, గాలి తగుల్తుంది పిల్లకి" అంది విసురుగా.

గేటు దగ్గర తాతకి మూట అప్పజెప్పింది. "సారుకివ్వు తాతా. ఇస్త్రీ కాలేదని చెప్పు."

"కాలేదా? మరి ఆయన ఇవాళ..."

"కాలేదని చెప్పు. నేను విచారణకి వెళ్ళానని కూడా చెప్పు."

బస్సులో బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. భయం బిడ్డ గురించో, తను చెప్పబోయేదాని గురించో విడదీయలేకపోయింది. మాట మోసినదానికి ఏం శిక్ష వేస్తారు? జైల్లో పెడితే బిడ్డని వెంట ఉంచుతారా? పాలు మరిచిపోతుందా? రెండు స్టాపుల్లో దిగిపోదామనుకుంది. రెండుసార్లూ సంచి మీద పరిచిన నీలం చొక్కా మడత చెడుతుందని కదలకుండా కూర్చుంది.

హెడ్డాఫీసు వరండా పొడుగ్గా, తడి ఫినాయిల్ వాసనతో ఉంది. గోడవారగా బల్లలు. మొదటి బల్ల మీద అతను. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. ఆమెని చూసి లేచిన వేగానికి బల్ల కిర్రుమంది.

"నువ్వెందుకొచ్చావే? పిల్లనేసుకుని! వెళ్ళిపో, వెంటనే వెళ్ళిపో."

ఆమె అతని చేతులు తీసుకుని తిప్పి చూసింది. అరచేతుల్లో కొత్త తోలు వచ్చింది, పల్చగా, గులాబీ రంగులో, బిడ్డ అరికాలులా. దాని మీద బొటనవేలితో నిమిరింది.

"నొప్పా?"

"లేదు. విను, నేను అంతా సర్దేశాను. నువ్వు ఏమీ..."

"చొక్కా మార్చుకో" అంది. "ఇస్త్రీ చేసి తెచ్చాను. బద్ధకస్తుడిలా కనపడకూడదు నువ్వు."

సారు ఆమెకి చెప్పేశారని అతనికి అర్థమయింది. చొక్కా తీసుకున్నాడు గానీ తొడుక్కోలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బిడ్డ అతని ముఖం గుర్తుపట్టలేదు. గడ్డం వైపు అనుమానంగా చూసింది.

లోపలి తలుపు దగ్గరి జవాను, "ఎవరమ్మా నువ్వు? ఏం పని?" అన్నాడు.

"సైరన్ ఆపమన్న మాట తెచ్చింది నేనేనని అయ్యగార్లకి చెప్పు. సాక్ష్యం చెప్పాలి."

జవాను ఆమెని, బిడ్డని, సంచిని మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళాడు.

వరండా చివర మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. ఈసారి ముందు తల కనపడింది, తర్వాత చెప్పులు. పెద్దింజనీరు గారు. చొక్కా ఒళ్ళంతా నలిగి ఉంది. కాలరు ఒక పక్కకి వాలిపోయింది. అటూ ఇటూ తిరిగే గుమస్తాలు ముందు గుర్తుపట్టలేదు, గుర్తుపట్టాక లోపలికి రమ్మని కుర్చీ చూపించారు. ఆయన తల అడ్డంగా ఊపి, వచ్చి అదే గోడవారన, అదే బల్ల చివర కూర్చున్నారు. ఆమె వైపు చూడలేదు. ఆమె ఆయన కాలరు వైపు చూసి చూపు తిప్పుకుంది.

ఎదుటి బల్ల మీద చేపలావిడ ఉంది. పోయినవాళ్ళ తాలూకు మనుషుల్ని కూడా పిలిచారు. ఆవిడ వీళ్ళందర్నీ చూస్తోంది. లోపల ఇంకా పిలుపు రాలేదు. బిడ్డకి మెలకువ వచ్చి కళ్ళు అటూ ఇటూ తిప్పింది. పన్నెండయి ఉంటుంది. ఆ ఊళ్ళో ఏ కూతా లేదు. పక్కన మొగుడి కుడిచెయ్యి మోకాలి మీద, అతనికే తెలియకుండా, మెల్లిగా గుండ్రంగా తిరుగుతోంది.

ఆమె బిడ్డని అతని ఒళ్ళో, ఆ నీలం చొక్కా మీద పెట్టింది. చొక్కా నలుగుతుందని చూసుకోలేదు. లేచి వరండా దాటి చేపలావిడ పక్కన కూర్చుంది.

"అక్కా" అంది. "ఎవర్నడగాలి అన్నావు కదా నిన్న. నన్నడుగు."

చేపలావిడ ఆమె వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. అడగాలనుకున్నవి ఎన్నో ఉండి ఉంటాయి, ఎందుకని, ఎవరని, ఎలాగని. వాటిలోంచి ఆవిడ ఒక్కటే తీసుకుంది.

"ఆ రోజు కూత వచ్చుంటే, నా పిల్ల లేచేదా?"

అవతల బల్ల మీద ఇద్దరు మగవాళ్ళూ తలలు వంచుకున్నారు. లోపల్నించి జవాను వచ్చి, "మాట తెచ్చానన్నావిడ ఎవరు? రావాలి" అని పిలిచాడు.

ఆమె లేవలేదు. ముందు ఇక్కడ చెప్పాలి.

"లేచేది అక్కా" అంది.